గోదావరి దాటని ట్యాంకు

బొమ్మ వేరు, నమూనా వేరు. ఈ తేడా తెలియకపోవడం పెద్ద తప్పేమీ కాదు. తెలిసి తెలిసి బొమ్మను తెచ్చి, నమూనా అని గాజుపెట్టెలో పెట్టి, దాని కింద ఒక తేదీ చెక్కించి, బడిపిల్లలను వరుసకట్టించి చూపించడం మాత్రం నేరమే అంటాను. శిక్షాస్మృతిలో దానికి సెక్షను లేదు గనుక ఈ టపా రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

నేనుండేది పాల్వంచ. తీరిక దొరికినప్పుడు యుద్ధట్యాంకుల నమూనాలు చేయడం నాకు చిరకాలపు వ్యసనం. ప్రస్తుతం నా బల్ల మీద సగం పూర్తయినది షెర్మన్ ఐదో రకం, అమెరికా వారి లెక్కలో ఎం4ఏ4. బర్మాలో 1945 మార్చిలో మెయిక్తిలా దగ్గర రాయల్ దక్కన్ హార్స్ దళం షెర్మన్లతోనే పోరాడింది. ఆ దళానికి పేరులోనే దక్కన్ ఉంది. దాని వంశవృక్షం 18వ శతాబ్దపు చివర నిజాం కొలువులోని గుర్రపు దళాల దాకా పోతుంది. మనవాళ్ళు నడిపిన బండి కదా అని దాన్ని ఎంచుకున్నాను.

ఈ సంగతి తెలిసిన మా ప్రాంతపు ఉత్సవ సంఘం ఒకటి నా దగ్గరికి వచ్చింది. పేరెందుకు, సంఘాలన్నీ ఒక తాను ముక్కలే. సెప్టెంబరు 17కు ఒక శాశ్వత నమూనా కావాలన్నారు. బల్ల మీద గోదావరి, అవతలి ఒడ్డున రామాలయ గోపురం, నీళ్ళను చీల్చుకుంటూ ఒడ్డెక్కుతున్న భారత సైన్యపు ట్యాంకు, దాని మీద మువ్వన్నెల జెండా, కింద "భద్రాచల విమోచన, 17 సెప్టెంబరు 1948" అని ఇత్తడి పలక. ట్యాంకు మాత్రం అచ్చం అసలుదానిలాగే ఉండాలని నొక్కి చెప్పారు. నేను చేయనన్నాను. వాళ్ళు వేరొకరిచేత చేయించుకున్నారు. చేయనన్నందుకు నా మీద పడిన మాటలకు ఇప్పుడు ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

ముందు చరిత్ర. నమూనా చేసేవాడు జిగురుసీసా మూత తీయకముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ బండి? ఏ చోటు? ఏ తేదీ? ఆ పలక మీద రాసిన చోటూ తేదీ ఒకదాని పక్కన ఒకటి నిలవవు. 1948 సెప్టెంబరులో భద్రాచలం నిజాం రాజ్యంలో లేనే లేదు. ఆ తాలూకాను నిజాం 1860లోనే ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. కొన్నాళ్ళు మధ్యపరగణాల కింద ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. 1947 ఆగస్టు 15 వచ్చేనాటికి అది తూర్పుగోదావరి ఏజెన్సీ. అంటే మన దేశంతోపాటే, ఆ అర్ధరాత్రే, భద్రాచలానికీ స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం జెండా ఎగిరినది గోదావరికి ఇవతల, మా పాల్వంచ వైపు. అప్పటికి ఖమ్మం జిల్లా కూడా లేదు. అది 1953లో వరంగల్లు నుంచి విడిపోయింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు అందులో కలిసింది 1959లో. ఆ తరువాత 2014లో పోలవరం కోసం సరిహద్దు మళ్ళీ కదిలింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టూ ఉన్న ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఇన్నిసార్లు గీతలు జరిగిన నేల మీద నమూనా చేయబోయేవాడు తేదీ చూసుకోకపోతే ఎట్లా?

అప్పటికే స్వతంత్ర భారతంలో ఉన్న ఊరిని విమోచన చేయడానికి భారత సైన్యం స్వతంత్ర భారతంలోకే ట్యాంకు నడిపిందన్నమాట! అదీ నిజాం ఒడ్డు నుంచి బయలుదేరి! ఇత్తడి పలకకు నోరుంటే అదే సిగ్గుపడేది.

మరి సైన్యం ఎటు నుంచి వచ్చింది? సెప్టెంబరు 13న ప్రధాన దళం పడమట షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వాన కదిలింది. 1వ ఆర్మర్డ్ డివిజన్ షెర్మన్లు ఆ దారివే. తూర్పున బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళాలు కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా వచ్చాయి. ఎదురు నిలిచిన నిజాం సేనల దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ కవచపు కార్లు ఉండేవి. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను ఆ సేనలు వెనక్కి తగ్గుతూ పేల్చివేశాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు. నమూనా చేయదలచుకుంటే కోదాడ రోడ్డు ఉంది, కూలిన మూసీ వంతెన ఉంది. వీటిలో ఏది అడిగినా రాత్రింబవళ్ళు కూర్చుని చేసి ఇచ్చేవాణ్ణి. వాళ్ళకు కావలసింది గోపురం.

ఇక నది సంగతి. భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన వచ్చింది 1965లో. 1948లో దాటాలంటే పడవే. షెర్మన్ బరువు 30 టన్నుల పైమాట. ప్రత్యేక సరంజామా లేకుండా అది దిగగల నీటిలోతు సుమారు ఒక మీటరు. సెప్టెంబరు గోదావరి ఎట్లా ఉంటుందో ఈ ఒడ్డున పుట్టినవారికి చెప్పనక్కరలేదు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మా పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన నది అది. ఇంతటి నదికి వాళ్ళ బల్ల మీద ఇచ్చిన చోటు రెండు మూరలు. నమూనా కొలత 1:35. ఆ లెక్కన రెండు మూరలంటే ముప్పై మీటర్ల పైచిలుకు. అది గోదావరి కాదు, కిన్నెరసాని కూడా కాదు, ఊరి వెనక వాగు. అదే కొలతలో కిలోమీటరు వెడల్పు నదిని చూపాలంటే 28 మీటర్ల బల్ల కావాలి. సంఘం వారి హాలు అంత లేదు.

"తేలే ట్యాంకులుండేవి కదా, నార్మండీలో దింపలేదా?" అని ఒక పెద్దమనిషి అడిగారు. ఉండేవి. షెర్మన్‌కు చుట్టూ కాన్వాసు గుడ్డ తొడిగి, వెనక నీటిమరలు బిగించి, 1944 జూన్ 6న సముద్రంలో దించారు. ఓమాహా తీరం ఎదుట ఒక అమెరికన్ బెటాలియన్ నీళ్ళలోకి వదిలిన 29 ట్యాంకుల్లో 27 మునిగిపోయాయి. ఆ లెక్కన చూసినా పెద్దమనిషి గారి ట్యాంకు ఉండవలసిన చోటు ఒడ్డు మీద కాదు, గోదావరి అడుగున.

ఇంతకీ ఆ గాజుపెట్టెలో ఇప్పుడున్న ట్యాంకు షెర్మన్ కూడా కాదు. నేను స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. ఒకదాని మీదొకటి పొదిగినట్టుండే చక్రాల వరుసలు, నలుచదరపు ముందు భాగం, పొడుగైన 88 మిల్లీమీటర్ల ఫిరంగి. అది జర్మన్ టైగర్. అంగట్లో సులభంగా దొరికే పెట్టె అదే గనుక అదే కొన్నారు. హిట్లరు సేనల కోసం చేసిన బండికి మువ్వన్నెల జెండా గుచ్చి, రాముడి గుడి ముందు నిలబెట్టి, పిల్లలచేత వందనం చేయించారు. చెబితే, "ట్యాంకు ట్యాంకే కదండీ, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఈ "ఎవరికి తెలుస్తుంది" అన్న మాట మీదనే నా యుద్ధమంతా.

నా మీద వచ్చిన మొదటి ఆరోపణ: "భావం ముఖ్యం గాని కొలతలెందుకు? కొండపల్లి బొమ్మకు కొలత ఉందా? అది కళ కాదా?" కళే. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్ళూ చేతులూ అతికించి, రంగులు వేసిన ఆ బొమ్మ ముందు నేను చేతులు జోడిస్తాను. కాని కొండపల్లి కళాకారుడు మనకు కొలత మాట ఇవ్వలేదు. తాటిచెట్టెక్కే గీతకార్మికుడి బొమ్మలో చెట్టు మనిషికి రెండింతలే ఉంటుంది; ఎవరూ మోసపోరు, ఎందుకంటే అతను ఎవరినీ నమ్మించబోలేదు. ఆ బొమ్మ ఇచ్చిన మాట సంతోషం, ఆ మాట నిలబెట్టుకుంటుంది. నమూనా ఇచ్చే మాట వేరు. "ఇది ఇట్లాగే ఉండేది, ఇంతే ఉండేది, ఇక్కడే ఉండేది" అని అది చెబుతుంది. 1:35 అని చీటీ అంటించిన క్షణాన చేసినవాడు సాక్షి బోనెక్కినట్టే. బోనెక్కాక భావం ముఖ్యం అంటే చెల్లదు.

కొలత చాదస్తం కాదు, దానికొక క్రమశిక్షణ ఉంది. తమాషా ఏమంటే, ఈ 1:35 అన్న అంకె శాస్త్రంలోంచి పుట్టలేదు. జపాను తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకును చేసినప్పుడు లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేంత పరిమాణం చూసుకున్నారు. తరువాత కొలిస్తే ఇంచుమించు ముప్పై అయిదో వంతు తేలింది. పుట్టుక యాదృచ్ఛికమే. ఎంచుకున్న తరువాత మాత్రం దానికి కట్టుబడ్డారు, ప్రపంచమంతా కట్టుబడింది. ఎం4ఏ4 పొడవు 6.06 మీటర్లు, నమూనాలో 17.3 సెంటీమీటర్లు. దాని లోపల అయిదు క్రైస్లర్ కారింజన్లను ఒక్కచోట బిగించి ముప్పై సిలిండర్ల ఇంజను చేశారు. అది పట్టడం కోసం ఒళ్ళు సాగదీయవలసి వచ్చింది, చక్రాల జతల మధ్య ఎడం పెరిగింది, పక్కకు 79 ఉండే గొలుసు పలకలు 83 అయ్యాయి. నా బల్ల మీది బండికి కూడా 83 పలకలే ఉండాలి. 79 వేస్తే చూసేవాడికి తెలియకపోవచ్చు. కాని ఆ నాలుగు పలకలలోనే ఆ ఇంజను కథంతా ఉంది.

బరువు సంగతి ఇంకా చిత్రం. పొడవు 35వ వంతుకు తగ్గితే బరువు 35ను మూడుసార్లు గుణించినంత, అంటే 42,875వ వంతుకు తగ్గుతుంది. ముప్పై ఒకటిన్నర టన్నుల ఇనుము ముప్పావు కిలోకు దిగివస్తుంది. ప్లాస్టిక్ నమూనా ఆపాటి కూడా తూగదు. కంటికి కనిపించేది 35 రెట్లు చిన్నదయితే చేతికి తెలిసే భారం వేల రెట్లు చిన్నదవుతుందన్నమాట. యుద్ధాన్ని చిన్నది చేసి చూపించేవాళ్ళంతా, నాతో సహా, గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఇది. ఆ పోయిన భారాన్ని మరొక విధంగా తిరిగి తేకపోతే మిగిలేది ఆటవస్తువే.

బొగ్గుబావుల సీమలో కొలత గురించి వాదించవలసి రావడమే నాకు ఆశ్చర్యం. సింగరేణి గనుల్లో దిగే ఏ కార్మికుణ్ణయినా అడగండి, నక్షా మీద గీత తప్పితే ఏమవుతుందో చెబుతాడు. 1975 డిసెంబరులో ధన్‌బాద్ దగ్గర చస్‌నాలాలో పాత గనిలో నిండిన నీరు అడ్డుగోడ పగలగొట్టుకుని దూకితే 375 మంది చనిపోయారు. కాగితం మీద చిన్నది చేసి గీసిన భూమి నిజం భూమికి సరిపోవాలన్నది ఇక్కడ బతుకు సూత్రం. నేలకింద భూమికి అంత పట్టింపు ఉన్నప్పుడు నేలమీద చరిత్రకు ఎందుకుండకూడదు?

రెండో ఆరోపణ ఇటు నుంచి కాదు, అటు నుంచి. కొందరు అభ్యుదయ మిత్రులు, "ట్యాంకులు చేసుకునేవాడికి ఈ శుద్ధులెందుకు? నువ్వు పూజించేది మారణయంత్రాన్నే కదా" అన్నారు. మిత్రులకు ఒక చిన్న వివరం మనవి చేస్తాను. చాలా షెర్మన్లకు పక్కలమీద అదనంగా ఇనుప పలకలు అతికి ఉంటాయి, కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. అలంకారం కాదవి. వాటి వెనకనే లోపల గుండ్ల అరలుండేవి. శత్రువు ఫిరంగి అక్కడ తగిలితే మందుగుండు అంటుకునేది, లోపల ఉండే అయిదుగురికి బయటపడే వ్యవధి ఉండేది కాదు. అట్లా కాలిపోయిన బండ్లను చూశాకే ఆ చోట్ల పైనుంచి పలకలు వేశారు. తరువాతి రకాలలో గుండ్లను అడుగున నీటి తొట్ల మధ్యకు మార్చారు; అప్పుడుగాని మంటలు తగ్గలేదు. నమూనాలో ఆ మూడు పలకలూ ఒక్కొక్కటి గోరంత ఉంటాయి. వాటిని అతికించేవాడు తాను ఏమి అతికిస్తున్నాడో తెలుసుకుని అతికిస్తే యుద్ధాన్ని పూజించడం అతని తరం కాదు. పూజించేవాడికి ఈ వివరాలు అడ్డం. అతనికి టైగరైనా షెర్మనైనా ఒకటే, జెండా గుచ్చడానికి చోటుంటే చాలు.

మూడో ఆరోపణ అసలైనది. "నువ్వు విమోచనకు వ్యతిరేకివి" అన్నారు. ఈ మాటను ఊరికే వదలను. రజాకార్ల దౌర్జన్యం కల్పన కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఏం జరిగిందో ఆ ఊరు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ పీడ వదిలిన రోజున జనం ఊపిరి పీల్చుకున్నారనడంలో నాకు పేచీ లేదు. ఆ రోజుకు పేరు పెట్టడంలో మాత్రం మన ప్రభుత్వాలకే ఏకాభిప్రాయం లేదు. 2022లో కేంద్రం విమోచన దినమంటే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో తరువాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. విలీనమనేవారున్నారు, విద్రోహమనేవారున్నారు. ఈ పేర్ల తగవులో నేను తలదూర్చను. నా ప్రశ్న ఒక్కటే: సెప్టెంబరు 18న ఏం జరిగింది? ఆ తరువాత? మీ గాజుపెట్టెలో 17తో కాలం ఎందుకు ఆగిపోయింది?

ఎందుకంటే ఆ తరువాతి కథలో ట్యాంకు లేదు. ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 చివర్లో పర్యటించి, పోలీసు చర్య రోజుల్లోనూ ఆ తరువాతా జరిగిన హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. అందులో ఘోరమైన భాగం మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో జరిగింది. మన వైపు సాయుధ పోరాటం ఆగలేదు. దళాలు గోదావరి అడవుల్లోకి, ఇదిగో ఈ పాల్వంచ, ఇల్లెందు, భద్రాచలం సరిహద్దుల్లోకి తరలాయి. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించేదాకా మూడేళ్ళపాటు సైన్యం, పోలీసులు ఈ అడవిని గాలించారు. దళాలకు అన్నం దొరకకుండా చేయాలని కోయగూడేలను తగలబెట్టి, జనాన్ని తెచ్చి శిబిరాల్లో కుక్కిన వైనాన్ని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన పోరాట చరిత్రలో నమోదు చేశారు. ఆయన ఒక పక్షం మనిషి, నిజమే. ఆయనతో విభేదించండి, ఎదురు సాక్ష్యం తెండి, చర్చిద్దాం. ఆ గూడేలు అసలు లేనట్టు, అడవి అంటే గోపురం వెనక వేసే ఆకుపచ్చ రంగు అన్నట్టు గాజుపెట్టె కట్టకండి.

నమూనాలు చేసేవారికి ఒక పాత అలవాటుంది. బండి పక్కన ఒక మనిషి బొమ్మను నిలబెడతారు. 1:35లో సాధారణ మనిషి ఎత్తు 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మనిషి పక్కన ఉంటేనే బండి ఎంతదో కంటికి తెలుస్తుంది. ఆ సంఘం వారి బల్లను నేను రెండుసార్లు చుట్టి చూశాను. టైగర్ ఉంది, జెండా ఉంది, గోపురం ఉంది, రెండు మూరల గోదావరి ఉంది. మనిషి లేడు. కోయవాడు లేడు, పడవవాడు లేడు, నిజాం సిపాయి లేడు, చివరికి ట్యాంకు నడిపేవాడు కూడా లేడు. మనిషి లేని చోట కొలత ఉండదు, కొలత లేని చోట ఎవరికి తోచినంత గొప్పగా వారు చెప్పుకోవచ్చు. గోరంతను కొండంత చేయడానికీ కొండను మాయం చేయడానికీ ఇదే కిటుకు.

కనుక నా ప్రతిపాదన ఇది, సంఘం వారు చదువుతారో లేదో గాని. ఖమ్మం, భద్రాచలం సరిహద్దులో 1948 నుంచి 1951 దాకా ఏం జరిగిందో చూపాలని మీకు నిజంగా ఉంటే, ట్యాంకును తీసేయండి. గోపురం ఉండనివ్వండి, అది అప్పుడూ అక్కడే ఉంది. నదిని పూర్తిగా చూపలేకపోతే ఒక్క ఒడ్డే చూపండి. ఇవతలి ఒడ్డున ఇప్పచెట్లు, మద్దిచెట్లు, వెదురు తడికెల ఇళ్ళు, వాటిలో కొన్ని కాలిన వాసాలు, మూటలు నెత్తిన పెట్టుకుని శిబిరం వైపు నడుస్తున్న మనుషులు, వాళ్ళ ముందూ వెనకా తుపాకులు పట్టుకున్న మనుషులు. అందరూ 5 సెంటీమీటర్ల లోపే. ఎవరినీ పెద్ద చేయవద్దు, ఎవరినీ చిన్న చేయవద్దు. కింద పలక మీద పేరు మీకు నచ్చినదే పెట్టుకోండి. తేదీ మాత్రం సరిగ్గా వేయండి.

ఆ పని నేను చేసి ఇస్తాను, కూలి అక్కరలేదు. వెదురు చీల్చడం వచ్చు, తాటాకు కప్పు వేయడం వచ్చు, మసి అద్దడం వచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.